కొత్త మెరుపా, ఫ్యాక్టరీ పాతదనమా: రీఇష్యూ గిటార్‌కు ఫినిష్ ఎంచుకోవడం ఎలా

ఒకప్పటి ఎలక్ట్రిక్ గిటార్ నమూనాను, దాన్ని పుట్టించిన కంపెనీయే ఆనాటి కొలతలతో మళ్లీ తయారు చేసి అమ్మితే దాన్ని రీఇష్యూ అంటారు. 1952 టెలికాస్టర్, 1961 స్ట్రాటోకాస్టర్, 1959 లెస్ పాల్ వంటివి ఈనాడు కొత్తగా కొనుక్కోగలుగుతున్నామంటే ఈ రీఇష్యూల పుణ్యమే. అయితే కొనడానికి వెళ్లినవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఒకే సంవత్సరపు నమూనా, ఒకే రకం కలప, ఒకే రకం పికప్‌లు (తీగల కదలికను పట్టే అయస్కాంత భాగాలు) ఉన్న రెండు గిటార్‌లు పక్కపక్కనే వేలాడుతుంటాయి. ఒకటి అద్దంలా నిగనిగలాడుతూ, అంచున చిన్న గీత కూడా లేకుండా ఉంటుంది. రెండవదానికి ముంజేయి ఆనే చోట రంగు అరిగి కలప కనిపిస్తుంటుంది, పూత నిండా సన్నని నెర్రెలు ఉంటాయి, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ మరలకు తుప్పు చాయ ఉంటుంది. రెండూ నిన్న మొన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే. సాధారణంగా రెండవదానికే ధర ఎక్కువ.

ఏది తీసుకోవాలన్న ప్రశ్నకు చాలామంది ఫొటోలు చూసి జవాబు వెతుక్కుంటారు. ఈ ఎంపికను కంటికి వదిలిపెట్టకూడదనీ, చేతికి, అందులోనూ నెక్ (తీగలు నొక్కే పొడవాటి భాగం) వెనుక ఆనే బొటనవేలికి అప్పగించాలనీ నా గట్టి నమ్మకం. కింద చెప్పిన క్రమంలో వెళితే మీ అవసరం ఏమిటో మీకే తేటపడుతుంది.

మొదటి అడుగు: పేర్ల వెనుక ఏముందో తెలుసుకోండి

టెలికాస్టర్, స్ట్రాటోకాస్టర్‌లను పుట్టించిన ఫెండర్ సంస్థ, ప్రత్యేక గిటార్‌లు తయారు చేసే విభాగమైన తన కస్టమ్ షాప్‌ను 1987లో ప్రారంభించింది. 1995లో అక్కడి నుంచి రెలిక్ అనే పేరుతో, కావాలని పాతబరచిన గిటార్‌లు తొలిసారి మార్కెట్‌లోకి వచ్చాయి. ఆ తొలి ఏళ్లలో విన్స్ కునెట్టో అనే నిపుణుడు తన సొంత వర్క్‌షాప్‌లో బాడీలకు, నెక్‌లకు రంగు వేసి, వాటిని పాతబరిచి పంపేవారు. తర్వాత ఈ పద్ధతి స్థాయిలుగా విడిపోయింది. ఎన్.ఓ.ఎస్. (న్యూ ఓల్డ్ స్టాక్) అంటే ఆ కాలంలోనే తయారై, అమ్ముడుపోకుండా పెట్టెలో మిగిలిపోయిన గిటార్ ఎలా ఉంటుందో అలా ఉండేది. క్లోజెట్ క్లాసిక్ అంటే ఎవరో కొని, కొద్దిగా వాయించి, ఏళ్లపాటు బీరువాలో దాచినట్టు ఉండేది. జర్నీమ్యాన్ రెలిక్ శ్రద్ధగా వాడిన గిటార్‌ను, రెలిక్ వేదికలెక్కి దిగిన గిటార్‌ను తలపిస్తాయి. హెవీ రెలిక్ వరకు వచ్చేసరికి రంగు కంటే కలప ఎక్కువ కనిపించినా ఆశ్చర్యపడనక్కరలేదు. కస్టమ్ షాప్ కంటే తక్కువ ధరలో ఇదే రూపం కావాలనుకునేవారి కోసం ఫెండర్ 2009లో మెక్సికోలో తయారైన రోడ్ వోర్న్ శ్రేణిని తెచ్చింది.

లెస్ పాల్‌ను పుట్టించిన గిబ్సన్ సంస్థ లెక్క వేరు. అక్కడి కస్టమ్ షాప్ 2006లో వీ.ఓ.ఎస్. (వింటేజ్ ఒరిజినల్ స్పెక్) అనే ఫినిష్‌ను తెచ్చింది. అందులో దెబ్బలు, గీతలు ఉండవు. పూత మెరుపు మాత్రం కాస్త మందగించి ఉంటుంది, లోహపు భాగాలు కొంచెం మాసినట్టు ఉంటాయి. పాతబరిచే పనిలో ఎంతో కాలంగా పేరున్న టామ్ మర్ఫీ పేరిట 2021లో మర్ఫీ ల్యాబ్ గిటార్‌లు వచ్చాయి. వాటిలో అల్ట్రా లైట్, లైట్, హెవీ, అల్ట్రా హెవీ అని నాలుగు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టులో ముఖ్యంగా పూతలో నెర్రెలు కనిపిస్తాయి. పై మెట్లకు వెళ్లేకొద్దీ సొట్టలు, బెల్టు బకిల్ రాపిడి, రంగు పోయిన మచ్చలు పెరుగుతాయి.

ఈ పేర్లను కంఠస్థం చేయనక్కరలేదు. నిగనిగలాడే కొత్త ఫినిష్‌కూ రంగు ఊడిన గిటార్‌కూ నడుమ రెండు మూడు మజిలీలు ఉన్నాయనీ, తుది నిర్ణయం తరచుగా ఆ నడిమి మజిలీల్లోనే ఎక్కడో కుదురుతుందనీ గుర్తుంచుకుంటే చాలు.

రెండవ అడుగు: పూత ఏ జాతిదో అడగండి

గిటార్ ఎంత పాతగా కనిపిస్తోందన్న దానికంటే దాని మీద ఉన్న పూత ఏమిటన్నది పెద్ద ప్రశ్న. దాని జవాబును బట్టి మీ గిటార్ రాబోయే ఇరవై ఏళ్లలో ఎలా మారుతుందో చెప్పవచ్చు.

1950లలో, 1960ల తొలి సగంలో ఈ గిటార్‌లలో ఎక్కువ వాటికి నైట్రోసెల్యులోజ్ (క్లుప్తంగా నైట్రో) పూతే వేసేవారు. ఇది 1920లలో కార్ల పరిశ్రమలో స్థిరపడిన పూత. ఫెండర్ వాడిన ప్రత్యేక రంగుల్లో చాలావరకు డ్యుపాంట్ అనే రసాయనాల కంపెనీ వారి కార్ల రంగుల పట్టీ నుంచి తీసుకున్నవే. నైట్రో ఆరేది కేవలం అందులోని ద్రావకం ఆవిరైపోవడం వల్ల. అందుకే అది ఎన్నేళ్లయినా పూర్తిగా గట్టిపడిపోయిన పదార్థం కాదు. తన ద్రావకం తగిలితే మళ్లీ కరుగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ లోపలి ద్రావకం మరికొంత పోయి ఇంకా పలచబడుతుంది, ఎండ వెలుగుకు పసుపు పచ్చబడుతుంది, చలికీ వేడికీ కలప వ్యాకోచించి సంకోచించే వేగాన్ని అందుకోలేక నెర్రెలిస్తుంది. పాత గిటార్‌లలో మనం ముచ్చటపడే లక్షణాలన్నీ ఈ బలహీనతల నుంచి పుట్టినవే. తెల్లని ఒలింపిక్ వైట్ మీగడ రంగుకు తిరగడానికీ, లేక్ ప్లాసిడ్ బ్లూ ఆకుపచ్చ వైపు మొగ్గడానికీ కారణం పైనున్న పారదర్శకమైన పొర పసుపెక్కడమే.

పాలియెస్టర్, పాలీయురేథేన్ పూతలు (రెండింటినీ కలిపి పాలీ అంటారు) ఇందుకు పూర్తిగా భిన్నమైనవి. అవి రసాయన చర్య వల్ల గట్టిపడతాయి, ఒకసారి గట్టిపడ్డాక తిరిగి కరగవు. ఫెండర్ 1960ల చివర ఈ దారి పట్టింది. 2019లో వచ్చిన విన్టెరా శ్రేణి వంటి రీఇష్యూలలో రూపం పాతదే అయినా పూత పాలియెస్టరే. 2022లో వచ్చిన అమెరికన్ వింటేజ్ II శ్రేణిలోని 1957, 1961 స్ట్రాటోకాస్టర్‌లకు మాత్రం మెరిసే నైట్రో పూత ఉంటుంది. రెండింటినీ దూరం నుంచి చూసి తేడా చెప్పడం కష్టం. దెబ్బ తగిలినప్పుడు తేడా బయటపడుతుంది. నైట్రో కలపతో పాటు సొట్టపడుతుంది, అంచుల్లో పలచగా అరుగుతుంది. మందంగా వేసిన పాలీ పెచ్చులుగా ఊడుతుంది, ఊడిన చోట గాజు ముక్క విరిగినట్టు పదునైన అంచు మిగులుతుంది.

ఇక్కడ ఒక నిజాన్ని చెప్పుకోవాలి. పాలీ పూత ఉన్న మెరిసే గిటార్‌ను కొని, నేను బాగా వాయిస్తే ఇరవై ఏళ్లకు ఇదే రెలిక్ అవుతుందని అనుకుంటే ఆశ నెరవేరదు. అది ఇరవై ఏళ్ల తర్వాత కూడా కొన్ని పెచ్చులు ఊడిన మెరిసే గిటార్‌గానే ఉంటుంది. మీ చేతి కింద మెల్లగా పాతబడే గిటార్ కావాలంటే మెరిసే నైట్రో కొనండి. ఎప్పటికీ కొత్తగానే ఉండాలని కోరుకుంటే పాలీయే మంచిది, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఈ రెండు కోరికల్లో మీది ఏదో తెలియకుండా షాపులోకి అడుగు పెట్టకండి.

మూడవ అడుగు: నెక్ వెనుక బొటనవేలు పెట్టండి

గిటార్ వాయించేటప్పుడు మన శరీరం నిరంతరం తాకి ఉండేది నెక్‌నే. బాడీ మీది రంగు ఊడినా ఊడకపోయినా తీగలు నొక్కే చేతికి దాని సంగతి తెలియదు. కొత్త ఫినిష్‌కూ పాతబరచిన ఫినిష్‌కూ అసలైన తేడా ఈ నెక్ వెనుక భాగంలోనే ఉంది. ఎక్కువ ధర పెట్టాలా వద్దా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి.

ఒకే సంవత్సరపు నమూనాకు చెందిన రెండు స్ట్రాటోకాస్టర్‌లను ఒక మధ్యాహ్నమంతా మార్చి మార్చి వాయించిన అనుభవం నాకు ఉంది. మెరిసే నైట్రో నెక్ మొదట ఎంతో సుఖంగా అనిపించింది. చేతులు వేడెక్కి అరచేతిలో తడి పుట్టాక, మూడవ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గర నుంచి పన్నెండవ ఫ్రెట్‌కు చెయ్యి జారేటప్పుడు బొటనవేలు పట్టేసినట్టయి, చిన్న కీచు చప్పుడుతో ఆగి ఆగి కదిలింది. పాతబరచిన నెక్‌ను అందుకుంటే మొదటి ఫ్రెట్ నుంచి అయిదవ ఫ్రెట్ దాటేవరకు పూత అరిగి, మేపుల్ కలప బూడిద చాయలో బయటపడి ఉంది. అక్కడ చెయ్యి పొడిబట్ట మీద నడిచినట్టు నడిచింది. పూత ముగిసి కలప మొదలయ్యే సరిహద్దును కళ్లు మూసుకుని వెతికినా వేలికి అంచు తగలలేదు. ఆ అంచు తగలకపోవడమే మంచి పనితనానికి గుర్తు. తగిలితే, చెయ్యి కదిలిన ప్రతిసారీ అది మిమ్మల్ని పలకరిస్తూనే ఉంటుంది.

కాబట్టి ఇలా చేయండి. రెండు గిటార్‌లకూ ఒకే మందం తీగలు ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోండి. కూర్చుని ఒక్కోదాన్ని కనీసం ఇరవై నిమిషాలు వాయించండి. మొదటి అయిదు నిమిషాల్లో ఏ నెక్ అయినా హాయిగానే ఉంటుంది గనుక ఆ అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోకండి. షాపులో అందరూ వాయించే హడావుడి లిక్‌లు (చిన్న స్వర తునకలు) పక్కనపెట్టి, మీరు ఇంట్లో రోజూ సాధన చేసేవే వాయించండి. చెయ్యి నెక్ పొడవునా ప్రయాణించే పాటలను ఎంచుకోండి. ఫ్రెట్‌బోర్డ్ అంచులను అరచేతితో నిమిరి చూడండి. పాతబరచిన వాటిలో ఆ అంచులను వేళ్లకు అరిగినట్టు గుండ్రం చేస్తారు. కొన్ని మెరిసే గిటార్‌లలోనూ ఆ పని చేసి ఉంటుంది, కాబట్టి పేరును బట్టి ఊహించుకోకుండా చేత్తోనే తేల్చుకోండి.

ఒక జాగ్రత్త అవసరం. పాతబరచడం వల్ల నెక్ లావు, ఫ్రెట్‌బోర్డ్ వంపు, ఫ్రెట్‌ల ఎత్తు మారవు. పాత ఫెండర్ నమూనాల్లో ఫ్రెట్‌బోర్డ్ వంపు వ్యాసార్థం 7.25 అంగుళాలు, గిబ్సన్‌లలో 12 అంగుళాలు. కొన్ని రీఇష్యూలలో ఫెండరే దీన్ని 9.5 అంగుళాలకు మార్చి అమ్ముతుంది. మీరు పోల్చే రెండింటిలో ఈ కొలతలు వేరైతే, వంపు వల్ల కలిగిన సుఖాన్ని పాతదనం ఖాతాలో వేసుకునే ప్రమాదం ఉంది. కొలతలు అడిగి రాసుకోండి.

నాలుగవ అడుగు: అరుగుదలలో నిజం ఉందో లేదో చూడండి

చెయ్యి ఒప్పుకున్నాకే కంటికి పని చెప్పండి. నిజంగా వాడిన గిటార్ ఎక్కడ అరుగుతుందో శరీరమే నిర్ణయిస్తుంది. కుడిచేతి వాటం వారి ముంజేయి ఆనే పై అంచు, బెల్టు బకిల్ రాసుకునే వెనుక భాగం, తీగల పైవైపు పిక్ తగిలే చోటు, నేలకూ గోడకూ తగిలే కింది అంచులు, నెక్ మొదటి అయిదారు ఫ్రెట్‌ల వెనుక భాగం. ఈ చోట్ల రాపిడి ఎక్కువగా ఉండి, పికప్‌ల వెనుక మూలల్లో, నాబ్‌ల మధ్య పూత దాదాపు కొత్తగా మిగిలి ఉంటే పాతబరిచినవారికి గిటార్ తెలుసునని అర్థం. చెయ్యి వెళ్లే అవకాశమే లేని చోట పెద్ద మచ్చ ఉంటే అది గీకింది తప్ప అరిగింది కాదు.

అరుగుదల అంచులను పక్కవెలుగులో చూడండి. నిజమైన అరుగుదలలో రంగు క్రమంగా పలచబడి, కింది పొర కనిపించి, ఆ తర్వాతే కలప బయటపడుతుంది. ఒక్కసారిగా రంగు ఆగిపోయి కలప మొదలైతే అక్కడ గీకుడు పరికరం పని చేసింది. నెర్రెలను కూడా అలాగే చూడండి. నెర్రెలు ఒకే దూరంలో, ఒకే పొడవులో, రూళ్ల కాగితం మీది గీతల్లా ఉంటే నా మనసుకు పట్టవు. చలికి పగిలిన పూతలో కొన్ని గీతలు పొడవుగా, కొన్ని సగంలో ఆగిపోయి, కొన్ని ఒకదానిలోకి ఒకటి కలుస్తూ ఉంటాయి.

రంగు వెలిసిన తీరు మరో సాక్ష్యం. 1958, 1959 లెస్ పాల్‌ల సన్‌బర్స్ట్‌లో (నడుమ లేతగా, అంచుల్లో ముదురుగా ఉండే రంగు తీరు) వాడిన ఎరుపు వెలుతురుకు నిలవలేదు. అందుకే కొన్ని చెర్రీ ఎరుపు నుంచి తేనె రంగుకూ, మరికొన్ని నిమ్మపండు రంగుకూ దిగిపోయాయి. పాతబరచిన లెస్ పాల్ రీఇష్యూ కొనేటప్పుడు ఆ వెలిసిన చాయల్లో మీకు నచ్చినది ఎంచుకునే వీలుంటుంది. మెరిసే ఫినిష్ గిటార్‌లలో ఎరుపు నిండుగా ఉంటుంది. ఈనాటి రంగులు ఆనాటి వాటంత త్వరగా వెలవవు కాబట్టి, కొన్న తర్వాత అదే దిగుతుందిలే అని వెలిసిన చాయ కోసం ఎదురుచూడకండి.

ఐరిష్ గిటారిస్ట్ రోరీ గాలఘర్ వాయించిన 1961 స్ట్రాటోకాస్టర్ ఫొటోలను ఒకసారి తీరిగ్గా చూడమని నా మనవి. దాని రంగులో చాలా భాగం పోయి కలప బయటపడింది. ఆ స్థితికి ఆయన చెమట కూడా కారణమని చెబుతారు. ఆ గిటార్‌కు నకలును ఫెండర్ కస్టమ్ షాప్ తయారు చేసింది కూడా. ఒకరి ఒంటి తీరును బట్టి అరిగిన ఆ ఆనవాళ్లు మన గిటార్ మీద ఉండటం మనకు ఆనందమా, ఇబ్బందా అన్నది ఎవరికి వారే నిజాయితీగా చెప్పుకోవాలి. ఇబ్బంది అనిపిస్తే హెవీ రెలిక్ వైపు వెళ్లకండి. కొన్నాళ్లకు అలవాటవుతుందని సర్దిచెప్పుకుంటే ఆ ఇబ్బంది పోదు.

అయిదవ అడుగు: లోహాన్ని తిప్పి చూడండి

పాతబరచిన గిటార్‌లో బ్రిడ్జ్, ట్యూనర్‌లు, మరలు, పికప్ కవర్‌ల మెరుపును రసాయనాలతో తగ్గిస్తారు. చాయ మాసితే నష్టం లేదు, మరలు బిగుసుకుపోతేనే నష్టం. బ్రిడ్జ్ శాడిల్‌ల (ఒక్కో తీగ ఆనే చిన్న లోహపు ముక్కలు) ఎత్తు సరిచేసే చిన్న మరలను సరైన కొలత కీతో అర చుట్టు తిప్పి చూపమని షాపువారిని అడగండి. ట్యూనర్‌లను ఆ చివర నుంచి ఈ చివర వరకు తిప్పి ఎక్కడైనా పట్టేస్తోందేమో చూడండి. వాల్యూమ్, టోన్ నాబ్‌లను తిప్పుతూ గరగర వినబడుతోందేమో గమనించండి. ఫ్రెట్‌లు మాత్రం కొత్తగానే ఉండాలి. బాడీ అంతా అరిగినా ఫ్రెట్‌ల మీద తీగల గాడి ఉండకూడదు.

ఆరవ అడుగు: శబ్దం గురించి తొందరపడకండి

పలచని నైట్రో వల్ల కలప ఊపిరి పీల్చుకుంటుందనీ, పాతబరచిన గిటార్ మరింత తెరుచుకున్న స్వరం ఇస్తుందనీ అమ్మేవారి నోట తరచుగా వినబడుతుంది. లోపల బోలు లేని కలప బాడీ ఉన్న ఎలక్ట్రిక్ గిటార్‌లో పికప్‌లు, వాటి ఎత్తు, తీగలు, సెటప్, వాయించే చెయ్యి తెచ్చే తేడా ముందు పూత తెచ్చే తేడా ఉన్నా వినబడనంత చిన్నదని నా అభిప్రాయం. రెండు గిటార్‌ల స్వరాల మధ్య తేడా వినిపిస్తే ముందు పికప్‌లు తీగలకు ఎంత దూరంలో ఉన్నాయో కొలవండి, తర్వాత రెండింటినీ తూచండి. రెండు ముక్కల కలప ఎప్పుడూ ఒకటి కాదు గనుక, ఒకే నమూనాకు చెందిన రెండు మెరిసే గిటార్‌ల మధ్య కూడా ఇలాంటి తేడాయే వినబడవచ్చు. స్వరం కోసం పాతదనానికి ఎక్కువ ధర పెట్టకండి.

ఏడవ అడుగు: పదేళ్ల తర్వాత ఆ గిటార్‌ను ఊహించుకోండి

మెరిసే గిటార్‌కు తగిలే మొదటి దెబ్బ ఎంతో బాధ పెడుతుంది. మైక్ స్టాండ్ తగిలో, కుర్చీ చేతికి కొట్టుకునో చిన్న సొట్ట పడితే కొందరికి వారం రోజులు మనసు బాగుండదు. ఇందులో నవ్వాల్సింది ఏమీ లేదు, ఇష్టపడి కొన్న వస్తువు మీద అంత ప్రేమ ఉండటం సహజమే. మీది అలాంటి మనస్తత్వమై, గిటార్‌ను వారం వారం బయటకు తీసుకెళ్లేవారైతే పాతబరచిన గిటార్ మీకు నిజంగా మేలు చేస్తుంది. దాని మీద ఇంకో దెబ్బ పడ్డా పాత దెబ్బల్లో కలిసిపోతుంది, దాన్ని కాపాడుకోవాలన్న ఆందోళన లేకుండా వాయించగలుగుతారు. నాకు తెలిసిన వేదిక కళాకారుల్లో చాలామంది రెలిక్ ఎంచుకోవడానికి ఇదే కారణం, అందం కాదు.

ఇంట్లోనే వాయించేవారికి లెక్క వేరుగా ఉంటుంది. మీ గిటార్ మీద పడే ప్రతి గుర్తుకూ ఒక రోజు, ఒక సందర్భం ఉంటాయి. ఆ గుర్తులు మీవే కావాలనిపిస్తే ఖాళీ పలక లాంటి మెరిసే నైట్రో గిటార్ కొనండి. అదే గిటార్‌ను ఎవరో ముందే అరగదీసి ఇస్తే మీ గుర్తులేవో, వారి గుర్తులేవో కొన్నాళ్లకు మీకే తెలియదు.

తిరిగి అమ్మే ఆలోచన ఉంటే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఫ్యాక్టరీలో పాతబరచిన గిటార్‌కూ, సొంతదారు ఇంట్లో ఇసుక కాగితంతో పాతబరచిన గిటార్‌కూ మార్కెట్ ఇచ్చే విలువ ఒకటి కాదు, రెండవదానికి బాగా పడిపోతుంది. కాబట్టి ఫ్యాక్టరీ పత్రం, దాని మీది సీరియల్ నంబర్, ఏజింగ్ (పాతబరచిన) స్థాయి పేరు రాసిన కాగితాలను కేసులోనే భద్రపరచండి. ఇతరులు వాడిన రెలిక్‌ను కొనేటప్పుడు ఆ కాగితాలు లేకపోతే, పాతబరచింది ఎవరో రుజువయ్యేంతవరకు ఎక్కువ ధర ఒప్పుకోకండి.

చూడకుండా తెప్పించుకునేటప్పుడు మీకు వచ్చే గిటార్ ఫొటోలనే అడగండి. మెరిసే గిటార్‌లు ఒకదానికొకటి దాదాపు ఒకేలా ఉంటాయి గనుక నమూనా ఫొటో చాలు. పాతబరచినవి ఏ రెండూ ఒకటి కావు. నెక్ వెనుక భాగాన్నీ, పై అంచునూ పగటి వెలుతురులో తీసిన ఫొటోలు పంపమనండి.

ఎనిమిదవ అడుగు: ఇంటికి తెచ్చాక

చలికాలంలో ఒక ఉదయం నాకు ఒక గిటార్ వచ్చింది. రాత్రంతా చల్లని వాహనంలో ఉన్న కేసును వెచ్చని గదిలో వెంటనే తెరిచాను. కొద్ది నిమిషాలకు సన్నని కర్ర విరిగినట్టు ఒక చిన్న చప్పుడు వినబడింది. చూస్తే బ్రిడ్జ్ పక్క నుంచి కింది అంచు వరకు వెంట్రుక వాసి నెర్రె ఒకటి, అప్పుడే పుట్టింది, వెలుతురుకు అడ్డంగా పట్టి తిప్పితేనే కనబడుతోంది. మెరిసే నైట్రో కొన్నవారు ఈ చప్పుడు వినకూడదనుకుంటే, చలిలో ప్రయాణించి వచ్చిన కేసును తెరవకుండా కొన్ని గంటలపాటు, వీలైతే ఒక రాత్రంతా గదిలోనే ఉంచాలి. కేసు లోపలి గాలి గది వేడికి మెల్లగా చేరాకే మూత తీయాలి. నైట్రోలో వచ్చే నెర్రెలను తయారీదారులు సాధారణంగా లోపంగా పరిగణించరు. పాతబరచిన గిటార్‌లో అప్పటికే నెర్రెలు ఉన్నాయి గనుక ఈ జాగ్రత్త అక్కరలేదనుకోకండి. కొత్త నెర్రెలు దానికీ వస్తాయి.

నైట్రో పూత ఉన్న ఏ గిటార్‌నైనా రబ్బరు, వినైల్ తొడుగులున్న స్టాండ్ మీద రోజుల తరబడి వదిలేయకూడదు. ఆ పదార్థాల్లోని మెత్తదనం పెంచే రసాయనాలు పూతను కరిగించి చెరిగిపోని మచ్చలు వేస్తాయి. స్టాండ్ చేతులకు దూది బట్ట చుట్టండి, లేదా కేసులోనే పెట్టండి. వినైల్ స్ట్రాప్‌ను గిటార్‌కు తగిలించే ఉంచకండి. తుడవడానికి పొడి మెత్తని బట్ట చాలు. పాతబరచిన గిటార్ మీద రాపిడి కలిగించే పాలిష్ వాడితే మెరుపు తగ్గించడానికి ఫ్యాక్టరీవారు పడిన శ్రమంతా పోయి అక్కడక్కడా నిగనిగలాడే మచ్చలు మిగులుతాయి, నెర్రెల్లో తెల్లని పొడి కూరుకుపోతుంది. కలప బయటపడిన నెక్‌ను మాత్రం వాయించిన ప్రతిసారీ తుడవండి, ఎందుకంటే చెమట, మురికి నేరుగా కలపలోకే ఇంకుతాయి.

ఇంకా తేలకపోతే

బాడీ మెరుస్తూ ఉండటం ఇష్టమై, నెక్ మాత్రం అరిగినదే కావాలనిపించేవారు చాలామంది ఉన్నారు. నేనూ ఆ కోవకే చెందుతాను. అలాంటివారు హెవీ ఏజింగ్‌కు ధర పెట్టకుండా రెండు పనులు చేయవచ్చు. ఒకటి, వీ.ఓ.ఎస్., అల్ట్రా లైట్, జర్నీమ్యాన్ వంటి నడిమి స్థాయిల్లో వెతకడం. రెండవది, మెరిసే ఫినిష్ గిటార్ కొని నెక్ వెనుక మెరుపును మీరే తగ్గించుకోవడం. ఈ రెండవ పనికి పూతను తీసేయనక్కరలేదు, పైపొర జిగటను చంపితే చాలు. అయితే ఇది తిరిగి వెనక్కి తీసుకోలేని మార్పు గనుక, కనీసం రెండు మూడు నెలలు ఆ నెక్‌ను వాయించి, ఇబ్బంది నిజమేనని తేలాకే మొదలుపెట్టండి. వారంటీ షరతులను కూడా ముందే చదవండి.

తీగలు విప్పి, పికప్‌లన్నిటినీ మాస్కింగ్ టేప్‌తో పూర్తిగా కప్పండి. ఉక్కు ఊలు నుంచి రాలే సన్నని ఇనుప పొడి అయస్కాంతాలకు అతుక్కుంటే తీయడం ఎంతో కష్టం. హెడ్‌స్టాక్ (నెక్ చివర ట్యూనర్‌లు ఉండే భాగం) మీది అక్షరాలకూ, నెక్ బాడీతో కలిసే మడమకూ దగ్గర టేప్‌తో గీత గీసినట్టు హద్దు పెట్టుకోండి. అన్నిటికంటే సన్నని రకమైన 0000 ఉక్కు ఊలుతో, నెక్ పొడవు దిశలోనే, ఒత్తిడి లేకుండా పది పదిహేను సార్లు రుద్ది ఆగండి. పొడిని బట్టతో తుడిచి, బొటనవేలితో మొదటి ఫ్రెట్ నుంచి పన్నెండవ ఫ్రెట్ వరకు జారి చూడండి. ఇంకా పట్టేస్తుంటే మరో పదిసార్లు రుద్దండి. పూత చాయ మారి కలప కనబడే సూచన వస్తే వెంటనే ఆపేయండి. టేప్ తీసే ముందే ఇనుప పొడినంతా తుడిచేసి, ఆ తర్వాతే పికప్‌ల మీది టేప్‌ను మెల్లగా తీసి, కొత్త తీగలు ఎక్కించండి.